తూకాలోడి సణుగుడు

మా చిన్నతనంలో అనంతపురం జిల్లా పల్లెల్లో వరన్నం తినేవాడు షావుకారు, కొర్రన్నం తినేవాడు కూలోడు. ఇప్పుడంతా తిరగబడింది. కూలికి పోయేవాళ్ళ ఇళ్ళలో మూడు పూటలా వరన్నమే. కొర్రలు మాత్రం బెంగళూరులో ఉద్యోగం చేసే మా మనవరాలు సోకైన సంచిలో, బియ్యానికి రెండు మూడు రెట్లు ధర పెట్టి కొనుక్కొస్తుంది. పైగా "తాతా, ఇది సూపర్ ఫుడ్" అని నాకే పాఠం చెబుతుంది. సూపరో కాదో నాకు తెలియదు గానీ, ఆ కొర్రలు రోట్లో దంచీ దంచీ మా అమ్మ అరచేతులు కాయలు కాశాయి. ఆమెకు ఆ సంగతి ఎవరూ చెప్పలేదు పాపం.

నాకు సణిగే హక్కు నలుగురికన్నా కాస్త ఎక్కువే ఉంది. నేను చౌకధరల దుకాణం డీలర్‌గా పనిచేసినవాణ్ణి. సగం జీవితం కాటా ముందర నిలబడే గడిచిపోయింది. ఎవరింట్లో ఎన్ని తలలు, ఎవరు ఒకటో తారీఖునే సంచీ పట్టుకొస్తారు, ఎవరు చక్కెర వద్దని కిరోసిన్ మాత్రం పట్టుకుపోతారు, అన్నీ నాకు కంఠతా. జనం పళ్ళెంలో ఏం మారుతోందో డాక్టర్లకంటే ముందు తూకం వేసేవాడికి తెలుస్తుంది.

1983లో ఎన్టీ రామారావుగారి ప్రభుత్వం కిలో 2 రూపాయల బియ్యం ఇచ్చింది. తలకు 5 కిలోలు, ఎంతమంది ఉన్నా ఇంటికి 25 కిలోలకు మించదు. ఆ మొదటి నెలల్లో నా షాపు ముందర వరస చూసి తీరాలి. ముసలివాళ్ళు గోనెసంచిలో చెయ్యి పెట్టి, పిడికెడు బియ్యం తీసి, వాసన చూసుకుని, తమలో తామే నవ్వుకునేవాళ్ళు. అంతవరకూ వాళ్ళు వరన్నం ముట్టింది పెద్ద పండక్కో, పెళ్ళికో, జ్వరం వచ్చినప్పుడు పథ్యానికో. ఇప్పుడు టీవీల ముందు కూర్చుని "ఆ రెండు రూపాయల బియ్యమే సీమ జనానికి షుగరు తెచ్చింది" అని ఒక్క ముక్కలో తేల్చేసేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. 1952 కరువులో సీమలో గంజికేంద్రాలు పెట్టారు. అప్పటికి నేను చంటిపిల్లవాణ్ణి, మా అమ్మ చెబితే విన్నదే. అక్కడ గిన్నె పట్టుకుని నిలబడినవాళ్ళే, వాళ్ళ పిల్లలే ముప్పై ఏళ్ళ తర్వాత నా కాటా ముందర నిలబడ్డారు. పాలిష్ బియ్యం ఒంటికి మంచిది కాదప్పా అని వాళ్ళతో అనడానికి ఎవరికి నోరొస్తుంది?

మా రోజులన్నీ బంగారమని నేను చెప్పబోవడం లేదు, ఆ అబద్ధం చెప్పే ముసలోళ్ళు వేరే ఉన్నారు. ముప్పూటలా జొన్నలే తప్ప ఇంకేమీ దొరకని తెలంగాణ పల్లెల్లో మెడ చుట్టూ, చేతుల మీద చర్మం నల్లబడి పొలుసులు లేచే జబ్బు ఉండేది. పెల్లాగ్రా అంటారు. హైదరాబాద్‌లో ఇప్పుడు జాతీయ పోషకాహార సంస్థ అంటున్న చోట డాక్టర్ సి. గోపాలన్ 1960 ప్రాంతంలో దాని మూలాలే వెతికారు. ఇక మా ఊళ్ళో బీపీ లేదనుకోవడం కూడా వెర్రే. చేన్లో గొర్రు పట్టినవాడు ఉన్నట్టుండి మూతి వంకరపోయి పడిపోతే "గాలి సోకింది" అని వేపమండలు కొట్టేవాళ్ళు. అది గాలి కాదు, రక్తపోటు. చూసే మిషను ఊళ్ళో లేదు, అంతే తేడా.

మేం సన్నగా ఉన్నది తెలివి ఎక్కువై కాదు, తిండి లేక. ఎక్కువ దొరికిన రోజు మేమూ ఎక్కువే తిన్నాం. పెళ్ళిపందిట్లో మా మేనమామలు ఓళిగలు పందెం వేసి తినడం, ఓడినవాడు అరుగు మీద పొట్ట పట్టుకుని దొర్లడం నా కళ్ళతో చూశాను. కానీ అది ఏడాదికి ఒకటి రెండుసార్లు. మిగతా రోజుల్లో ఎంత తినాలో ఇల్లే చెప్పేది.

ఎట్లా చెప్పేదంటే, ముద్ద లెక్కన. సంగటి గెలికి, పళ్ళెం మీద నీళ్ళు చల్లుకుని, మా అవ్వ ముద్దలు చేసేది. ఇంట్లో ఎంతమందో అన్ని ముద్దలు, కష్టం చేసే మగవాడికి పెద్దది, బాలింతకు ఇంకోటి. రెండో ముద్ద కావాలంటే నోరు తెరిచి అడగాలి. అడిగితే ఆమె మొహం చూడాలి! అన్నంలో ఆ లెక్క పోయింది. గరిటెతో వేస్తారు, మళ్ళీ వేస్తారు, "పెరుగులోకి కొంచెం" అని ఇంకోసారి వేస్తారు. మొత్తం ఎంత దిగిందో తిన్నవాడికీ తెలియదు, పెట్టినవాళ్ళకూ తెలియదు. తూకం వేసేవాణ్ణి కాబట్టి నాకు ఇదే అన్నిటికన్నా పెద్ద మార్పుగా కనిపిస్తుంది. ధాన్యం మారిందని అందరూ గోల చేస్తారు. కొలత పోయిందని ఎవరూ అనరు.

రెండో సంగతి ముద్ద పక్కన ఉన్నవి. సంగటిలోకి ఏదో ఒక ఆకు ఉండి తీరేది. వానపడితే చెంచలాకు, గురుగాకు, దొగ్గలాకు గట్ల మీద పిలవకుండానే వచ్చేవి. ఆడవాళ్ళు చేన్లోంచి ఇంటికొస్తూ కొంగునిండా కోసుకొచ్చి, చింతపండు వేసి, అన్నీ కలిపి పుల్లగూర చేసేవాళ్ళు. ఎండాకాలం చింతచిగురు. చలికాలం అనపగింజలు, ఆ వాసన తగిలితే వీధిలో పోయేవాడు ఆగిపోవాల్సిందే. ఎప్పుడూ ఏమీ లేకపోతే ఉలవలు. ఉలవలు ఉడకబెట్టిన నీళ్ళు చారుకు, గుగ్గిళ్ళు పిల్లలకు, మిగిలింది ఎద్దులకు. అలసందలు, పెసలు, కందులు మెట్టచేన్లో కొర్రల మధ్యనే సాళ్ళు సాళ్ళుగా పండేవి. ఒక చేన్లో నాలుగు గింజలు పండాయంటే ఒక పళ్ళెంలోకి ఆ నాలుగూ వచ్చేవి. ఊరిబిండి రోట్లో నూరితే చెనక్కాయ విత్తనాల్లో ఉన్న నూనె చాలు, వేరే నూనె పొయ్యక్కర్లేదు. తిరగవాతకు గరిటె మొనకు అంటినంత. గానుగ నూనె సీసా పండక్కి మొదలుపెడితే మళ్ళీ పండగ దాకా రావాలి.

తర్వాత మా జిల్లా అంతా చెనక్కాయ పరుచుకుంది. డబ్బు పంట అన్నారు. నిజమే, వాన పడిన ఏడు డబ్బు కనిపించింది. కొర్ర చేను పోయింది, దాంతో పాటు ఆ అలసంద సాలు, ఉలవ సాలు పోయాయి. కలుపుమందులు వచ్చాక గట్టు మీది ఆకులూ పోయాయి. తినే గింజ పండించడం మానేసినవాడు కొనుక్కోవాలి కదా. కొనడానికి అన్నిటికన్నా చవగ్గా దొరికింది నా షాపులో ఉండే బియ్యం. రైతు చేన్లో ఒకటి, పళ్ళెంలో ఇంకొకటి కావడం మా సీమలో అప్పుడే మొదలైంది. పప్పు కొనాలంటే ధర చూసి వెనక్కి వచ్చేవాళ్ళు. అన్నం పెరిగింది, పక్కనున్నవి తగ్గిపోయాయి. షుగరు గురించి ఎవరైనా నన్ను అడిగితే కథ ఇక్కణ్ణించి మొదలుపెట్టమంటాను.

ఇంకోటి కూడా ఉంది. పుణేలో డాక్టర్ యాజ్ఞిక్, ఆయనతో పనిచేసినవాళ్ళు పల్లె పిల్లల్ని ఏళ్ళ తరబడి గమనించారు. మన పిల్లలు పుట్టేటప్పుడు బరువు తక్కువ, కానీ ఆ తక్కువ బరువులోనూ కొవ్వు వాటా ఎక్కువట. కడుపులో ఉన్నప్పుడు తల్లికి చాలినంత తిండి లేకపోతే, ఆ బిడ్డ పెరిగి పెద్దయి సుఖంగా తినడం మొదలుపెట్టాక షుగరు పట్టుకునే అవకాశం మిగతావాళ్ళకంటే ఎక్కువ. ఈ మాట విన్నప్పుడు నాకు గంజికేంద్రాల సంగతి గుర్తొచ్చింది. కరువు తిన్న తరం పిల్లలకు కూర్చుని తినే రోజులు వచ్చాయి. తప్పెవరిదని వెతకబోతే నాకు ఎవరూ దొరకలేదు.

ఇక ఇప్పటి సంగతి. పొద్దున్నే టిఫిను. మా కాలంలో పొద్దున సద్ది సంగటి, మజ్జిగ, ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ. దోసె అంటే పండగ. ఇప్పుడు దోసె, ఇడ్లీ, లేకపోతే ఉగ్గాని బజ్జి. ఇడ్లీ రవ్వ బియ్యందే, దోసె బియ్యందే, ఉగ్గానిలో బొరుగులూ బియ్యమే. బజ్జి శనగపిండి అనుకుని సంతోషపడబోతే అది నూనెలో మునిగి లేచింది. మధ్యాహ్నం అన్నం. సాయంత్రం టీ, అందులో చక్కెర, పక్కన మైదా బిస్కెట్టు. రాత్రి మళ్ళీ అన్నమో, ఫోన్లో తెప్పించుకున్న బిర్యానీయో. "నేను అన్నం ఒక్కపూటే తింటాను తాతా" అంటాడు మా పెద్దోడి కొడుకు. మిగతా రెండు పూటలా ఏం తింటున్నావో చెప్పు నాయనా అంటే నవ్వేస్తాడు.

ఆ అన్నమూ రేషన్ కార్డు మీద వచ్చే దొడ్డుబియ్యంది కాదు. దాన్ని వచ్చిన రోజే అమ్ముకునేవాళ్ళున్నారు, నాకు తెలియదా? కావలసింది సన్నబియ్యం, మల్లెపూవులా ఉండాలి. బాపట్లలో పుట్టిన సాంబ మసూరి 1986లో విడుదలైంది, అప్పటినుంచి తెలుగువాడి నాలుక దానికే అమ్ముడుపోయింది. రుచిని నేను తప్పు పట్టను. దాన్ని మిల్లులో ఎంత పాలిష్ పట్టిస్తే అంత గొప్ప అనుకోవడమే నాకు ఎక్కదు. తవుడంతా గొడ్డుకు పోతుంది. ఆ గొడ్డు పుష్టిగా ఉంటుంది.

బస్తాల మీద ఒక చిన్న ముచ్చట చెబుతాను, డీలర్లకు తప్ప ఎవరికీ పట్టదు. ఇప్పుడు బియ్యం 26 కిలోల బస్తాలో వస్తుంది, గమనించారా? 2022లో 25 కిలోల వరకు పేరు వేసి కట్టిన సంచులకు జీఎస్టీ పెట్టారు. వ్యాపారి ఒక కిలో ఎక్కువ పోసి పన్ను తప్పించుకున్నాడు. ఆ కిలో కూడా మన కడుపులోకే పోతోంది.

సరే, లెక్కకు వద్దాం. హైదరాబాద్ తార్నాకలోని ఆ పోషకాహార సంస్థవాళ్ళు రోజుకు ఎవరు ఎంత తినాలో పళ్ళెం బొమ్మ వేసి చూపించారు. 2,000 కేలరీల మనిషికి ధాన్యాలు మొత్తం 250 గ్రాములు. అంటే నెలకు ఏడున్నర కిలోలు. బియ్యం, గోధుమపిండి, రవ్వ, అటుకులు, బొరుగులు, సేమియా, బిస్కెట్లలో మైదా, అన్నీ అందులోనే. అప్పట్లో చాలదని నాతో జగడమాడిన 5 కిలోలు ఇందులో మూడింట రెండు వంతులు! వాళ్ళకు చాలకపోవడం న్యాయమే, వాళ్ళు బావిలో నీళ్ళు తోడి, బండలు కొట్టి, బరువులు మోసి తిన్నారు. కుర్చీలో కూర్చున్నవాడికి చాలకపోవడం ఏమిటి? అదే పళ్ళెంలో కూరగాయలు, ఆకుకూరలు 400 గ్రాములు, పప్పులు 85 గ్రాములు, పండ్లు వంద. ధాన్యం కన్నా కూరలు ఎక్కువ! మన ఇళ్ళలో కూర అంటే అన్నానికి అంటించుకునేది. నెయ్యీ నూనే కలిపి 27 గ్రాములట. నెలకు మనిషికి కిలో కూడా రాదు. మా కోడలి చేతికి నూనె క్యాను ఇవ్వకుండా, మా అవ్వలాగా సీసా ఇచ్చి చూడాలని నా కోరిక. ఇంకా ధైర్యం చాలలేదు.

ఈ లెక్కలు చూసి జనం ఏం చేశారు? తగ్గించారా? లేదు. మార్చారు.

నా సణుగుడంతా ఇక్కడే ఉంది. మన జనానికి "ఇది మానేసి అది తిను" అంటే మహా ఇష్టం. "ఇందులో సగం తిను" అంటే చెవులు మూసుకుంటారు. ఒకాయన ఉప్పూ నూనే మానమంటే జనం అటు పరిగెత్తారు. ఇంకొకాయన అన్నం మాని కొబ్బరినూనె తాగమంటే ఇటు పరిగెత్తారు. చిరుధాన్యాలు అన్నాక కొర్రలు, అరికలు, సామలు, ఊదలు అంటూ వారానికొక గింజ. ఓట్సు, చియా గింజలు, మెంతుల నీళ్ళు, కాకరకాయ రసం. వీటిలో అన్నీ చెడ్డవని నేననడం లేదు, కొన్ని మంచివే. కానీ అన్నిట్లోనూ ఒకటే ఆశ ఉంది: పళ్ళెం నిండుగానే ఉండాలి, జబ్బు మాత్రం పోవాలి. తగ్గించమనే మాట అమ్మితే ఎవరికీ రూపాయి రాదు కాబట్టి ఎవరూ అమ్మరు. సంచిలో పోసి పేరు అచ్చేయడానికి అందులో ఏముంది?

రాగులు నేను తిన్నంత తిన్నవాడు మా వీధిలో ఎవరూ లేరు కాబట్టి రాగుల మీద నాకు మాట్లాడే అధికారం ఉంది. నూరు గ్రాముల బియ్యంలో పిండిపదార్థం 78 గ్రాములైతే, రాగుల్లో 67 గ్రాములు. కొండంత తేడా ఏమీ లేదు. పీచు మాత్రం బియ్యంలో 3 గ్రాములు, రాగుల్లో 11. సున్నం అంటే కాల్షియం, అదీ రాగుల్లో బాగా ఎక్కువ. గట్టి సంగటి ముద్ద పుల్లగూరతో తిన్నవాడికి ఆ పీచు పనిచేస్తుంది. అదే రాగుల్ని మెత్తగా పిండి పట్టించి, పల్చగా జావ కాచి, బెల్లం వేసి, "షుగరుకు మంచిది" అని పెద్ద గ్లాసుతో తాగితే? నెత్తురులోకి చాలా తొందరగా ఎక్కుతుంది. మా పక్కవీధి రిటైర్డ్ ఇంజనీరు ఒకాయన రోజూ ఇదే చేస్తాడు. చేసి, గ్రౌండులో నడుస్తాడు. నడిచి, బయట బండి దగ్గర బోండాలు తింటాడు. "షుగరు మూడు నెలల సగటు తగ్గడం లేదప్పా, రాగులు కల్తీ అయ్యుంటాయి" అంటాడు. రాగుల్ని అనడానికి మనిషికి నోరెట్లా వస్తుందో!

మార్చితే చాలదు, తగ్గించాలనేది నా ముసలి బుద్ధి కాదు. దేశమంతా తిరిగి రక్తపరీక్షలు చేసిన పెద్ద సర్వే ఒకటుంది, ఐసీఎంఆర్ వాళ్ళ ఇండియాబ్. 2023లో వాళ్ళు చెప్పిన ప్రకారం దేశంలో షుగరున్నవాళ్ళు 10 కోట్లు దాటారు. ఇంకో 13 కోట్ల 60 లక్షల మంది గట్టు మీద నిలబడి ఉన్నారు. పెద్దవాళ్ళలో నూటికి 35 మందికి బీపీ. ఆ సర్వేవాళ్ళే 2025లో తిండి లెక్క విప్పారు. మనం తినే శక్తిలో 62 శాతం పిండిపదార్థాల నుంచే వస్తోందట. తెల్లబియ్యానికి బదులు ముడి గోధుమపిండో, చిరుధాన్యాల పిండో మార్చుకుని మొత్తం మాత్రం తగ్గించకపోతే షుగరు ముప్పు తగ్గినట్టు కనబడలేదు. అందులో కొంత తీసేసి ఆ జాగాలో పప్పు, పాలు, పెరుగు, గుడ్డు, చేప పెట్టుకుంటే ముప్పు తగ్గుతుందన్నారు. అంటే సంగటి పక్కన ఉలవలు, అనపగింజలు పెట్టిన మా అవ్వకు వీళ్ళు కాగితం మీద మార్కులు వేసినట్టే. కొర్రలు మాత్రమే తెచ్చుకుని ఉలవలు మరిచిపోయిన మా మనవరాలికి మార్కులు పడలేదు.

ఉప్పు విషయంలో మాత్రం మా కాలానికి నేను వకాల్తా పుచ్చుకోలేను. సంగటిలోకి ఏమీ లేని రోజు ఉప్పు, ఎండుకారమే. ఊరగాయ జాడీలు ఏడాది పొడుగునా. రోజుకు 5 గ్రాములకు మించొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. అంటే చెంచాడు, అన్నిటిలోనూ కలిపి. మేం ఎండలో పనిచేసి చెమటగా పోగొట్టుకునేవాళ్ళం అని సర్దిచెప్పుకోవచ్చు, కానీ గాలి సోకి పడిపోయినవాళ్ళను చూశాక ఆ సర్దుబాటు నాకే నచ్చదు. ఇప్పటివాళ్ళు ఊరగాయ తగ్గించారు, బాగుంది. ఆ ఉప్పంతా చిప్సు, మిక్చరు, నూడుల్సు, బేకరీ సరుకుల్లోంచి లోపలికి వస్తోంది. ఊరగాయ ఉప్పగా ఉందని నాలుక చెబుతుంది. బ్రెడ్డులో ఉప్పు నాలుకకు తెలియదు.

నడుము సంగతికి వస్తే, మాకు మొలతాడు ఉండేది. ఇప్పుడు బెల్టు, ఒక బెజ్జం వదులు చేసుకుంటే సరి. ఆడవాళ్ళ నైటీలకూ, మగవాళ్ళ సాగే లాగులకూ హద్దే లేదు. మొలతాడు సాగదు. బిగిసి నడుము మీద గీత పడితే కొత్తది కట్టుకోవాలి, కట్టుకుంటుంటే పాతదానికన్నా ఎంత పెరిగిందో పక్కన పెట్టి చూస్తారు, మా అవ్వ నలుగురిలోనూ చెప్పేది. మనవాళ్ళలో మగవాడికి 90 సెంటీమీటర్లు, ఆడమనిషికి 80 సెంటీమీటర్లు దాటితే ప్రమాదమని డాక్టర్లు చెప్పేది బరువు గురించి కాదు, ఈ చుట్టుకొలత గురించే. సన్నగా కనబడుతూ పొట్ట ఒక్కటే ముందుకొచ్చినవాళ్ళు మా వీధిలో ఎంతమందో.

జబ్బు వచ్చినవాళ్ళ సంగతి వేరుగా చెప్పాలి. ఇక్కడ మా తరంవాళ్ళే ఎక్కువ మూర్ఖులు. "మందులు లేకుండా తిండితోనే తగ్గించుకుంటా" అని మాత్రలు ఆపేసి, ఆరు నెలలకు కాలివేలు నల్లబడి ఆస్పత్రికి పోయినవాణ్ణి నేనెరుగుదును. తిండి జాగ్రత్తతో మాత్రలు తగ్గితే తగ్గించాల్సింది డాక్టరు. ఇంకొక రకం ఉంది, మాత్రో ఇన్సులిన్ సూదో వేసుకుని శనివారం ఒక్కపొద్దు ఉండేవాళ్ళు. చెమటలు పట్టి, చేతులు వణికి, గుడి మెట్ల మీద పడిపోయాక "దేవుడు పరీక్ష పెట్టాడు" అంటారు. దేవుడికి వేరే పని లేదా? చక్కెర పడిపోయింది, తెలివిలో ఉంటే నోట్లో ఇంత బెల్లం వెయ్యండి ముందు.

డాక్టర్లనూ వదలను. గొర్రెలు కాసే మా బంధువు ఒకడికి ఒక ఆస్పత్రిలో ఆహారపట్టిక అని జిరాక్సు కాగితం ఇచ్చారు. ఓట్సు, బ్రకోలీ, ఆలివ్ నూనె, బాదం పాలు. వాడు దాన్ని మడిచి తలపాగాలో పెట్టుకుని నా దగ్గరికి తెచ్చాడు, "ఇవి నీ షాపులో ఉన్నాయా మామా?" అని. లేవురా అబ్బీ, ఉన్నా నీకెందుకు అన్నాను. వాడికి చెప్పాల్సింది నాలుగు మాటలు. ముందు ఆకుకూర, పప్పు తిను, ఆ తర్వాతే అన్నం ముట్టు. అట్లా తింటే చక్కెర అంత ఎత్తుకు ఎగరదు, ఇది పరీక్షించి చూసినవాళ్ళు చెప్పిందే. అన్నం ఇప్పుడు తినేదానిలో సగం. టీలో చక్కెర మానుకో. మాత్ర మానొద్దు. దీనికి జిరాక్సు కూడా అక్కర్లేదు. సద్దన్నం తినొచ్చా అని అడిగాడు. చల్లారిన అన్నంలో కొంత పిండి తొందరగా అరగని రకంగా మారుతుంది, నిజమే, అది వేడన్నంకన్నా నయం. కానీ దాని పేరు చెప్పి గిన్నెడు తినకు అన్నాను. మొహం చిన్నబుచ్చుకున్నాడు. మార్చుకోమంటే సంతోషంగా పోయేవాడే.

అసలు మన ఇళ్ళలో తగ్గించడమంటే అమర్యాద. ఎవరింటికైనా భోజనానికి పోయి చాలన్నామా, ఆ ఇల్లాలి మొహంలో రంగు పోతుంది. విస్తరి మీద రెండు చేతులూ అడ్డం పెట్టినా వేళ్ళ సందుల్లోంచి వేస్తారు. "మీకు మా వంట నచ్చలేదన్నమాట" అంటారు. షుగరుందమ్మా అంటే, "ఈ ఒక్కరోజుకేం కాదులే మామా" అంటారు. ఈ ఒక్కరోజులన్నీ కూడితే ఏడాదిలో ఎన్నో నా దగ్గర లెక్క లేదు గానీ, పెళ్ళిళ్ళు, గృహప్రవేశాలు, ఓణీ పంక్షన్లు, పుట్టినరోజులు, పదోరోజు భోజనాలు అన్నీ కలిపితే మా వీధిలో ఖాళీ ఆదివారం దొరకడం కష్టం.

వచ్చే నెల మా మనవడి పెళ్ళి. వంటవాళ్ళు రాసిన జాబితా చూశాను, స్వీట్లే ఐదు రకాలు. ఒకటి చాలు, ఓళిగ పెట్టండి, మనవాళ్ళది, అన్నాను. "పెళ్ళికూతురు తరఫువాళ్ళు ఏమనుకుంటారు మామయ్యా" అని కోడలు. మా పెద్దోడు తల వంచుకుని ఫోన్ చూసుకున్నాడు. రెండు రోజుల బేరం తర్వాత మూడుకు దిగారు. గెలిచాననుకుని సంబరపడ్డాను. నిన్న సాయంత్రం వంటవాడే వచ్చి చెప్పాడు, తీసేసిన రెండింటి జాగాలో ఆరోగ్యం కోసం కొర్రల లడ్డు, రాగి హల్వా పెడుతున్నారట. హల్వాలో నెయ్యి ఎంత పోస్తావు అప్పా అని అడిగాను. "పెద్దాయనా, మీరు చూడకుండా ఉంటే బాగుంటుంది" అన్నాడు.